గేటు కొట్టుకుపోయాక

2024 ఆగస్టు 10 రాత్రి హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చెయిన్ తెగింది. డ్యామ్ నిండుకుండలా ఉంది. గేటు ఏట్లో కొట్టుకుపోతే ఆ కంతలోంచి నీళ్లు దూకాయి. ఆ నీళ్లంటే రాయలసీమకు హెచ్చెల్సీ, ఎల్లెల్సీ (ఎగువ, దిగువ కాలువలు), పాలమూరుకు ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం). ఖరీఫ్ మీద ఆశపెట్టుకున్న రైతు గుండె గుభేలుమంది.

అప్పుడు అంతా కదిలారు. మంత్రులొచ్చారు, ముఖ్యమంత్రి వచ్చారు, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడిని పిలిపించారు. ఎప్పుడో రిటైరైన పెద్దాయన. నీళ్లు దూకుతుండగానే గేటు స్థానంలో అడ్డుగా నిలిపే ఇనుప పలకలను, అంటే స్టాప్‌లాగ్‌లను, క్రేన్లతో ఒకదాని మీద ఒకటి దింపించి, వారం తిరిగేసరికి ఆ కంత మూయించారు. కొద్ది రోజులకే ఆయనకు మళ్లీ కబురు, ఈసారి బెజవాడ నుంచి. కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన ఆ సెప్టెంబరులో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్‌లను (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) దెబ్బతీశాయి. ఇన్ని ఇరిగేషన్ శాఖలు, ఇంతమంది చీఫ్ ఇంజినీర్లు ఉండి, గేటు ఊడితే గుర్తొచ్చేది ఆ ఒక్క మనిషేనా? ఆయనకు దండం పెడుతూనే ఈ మాట అడగాలి.

ఆపద ముంచుకొచ్చాక మన నాయకులు కదలరని అనలేం. ఆ వరదల్లోనే బుడమేరు వాగుకు గండ్లు పడి బెజవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, మేడల మీదికి డ్రోన్లతో భోజనం పంపారు. ఆకలితో డాబా మీద కూర్చున్నవాడికి ఆ పొట్లం నాటకం కాదు. అయితే డ్రోన్ ఫొటో మొదటి పేజీలో వేసిన పత్రికలేవీ, మాతో సహా, ఏప్రిల్ ఎండలో గేటు రోప్‌కు గ్రీజు పూసే లస్కర్ (గేట్లు చూసుకునే కింది ఉద్యోగి) ఫొటో ఎన్నడూ వేయలేదు. ఆ పని జరిగిందా లేదా అని కూడా అడగలేదు.

2021 ఆగస్టులో కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ పెట్టడానికి జలాశయాన్నే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఏడాది తిరిగాక గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు పోయింది. తెలంగాణలో కడెం ప్రాజెక్టు గేట్లు 2022లో మొరాయించాయి, 2023లోనూ మొరాయించాయి. మొదటిసారి మొరాయించడం ప్రమాదం అనుకుందాం. రెండోసారి ఏమనాలి?

వీటన్నిటికన్నా ఘోరం రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య డ్యామ్. ఉన్నవి ఐదు గేట్లు. అందులో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పైనుంచి వచ్చిన వరదను మిగతా గేట్లు పంపలేకపోయాయి, మట్టికట్ట తెగింది. చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు, మందపల్లి నిద్రలో ఉండగానే నీళ్లు మీద పడ్డాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. తర్వాత పరామర్శలు, పరిహారాలు, విచారణ కమిటీ అన్నీ వచ్చాయి. ఆ చెడిపోయిన గేటు మరమ్మతు ఫైలు ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఉంది, ఎవరు పక్కన పెట్టారు అన్నది మాత్రం ఆ ఊళ్లవాళ్లకు ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఇందులో ఒక పార్టీ మీద వేలు చూపడానికి వీల్లేదు. పైన చెప్పినవాటికి ఆంధ్రలో, తెలంగాణలో, కర్ణాటకలో వేర్వేరు ప్రభుత్వాల హయాంలు. అయినా మన చర్చ ఎటు పోతుందో బ్యారేజీ పడవలే చెప్పాయి. వాటికి ఏ పార్టీ రంగులు వేశారన్నదాని మీద రోజుల తరబడి ప్రెస్‌మీట్లు నడిచాయి. అందులో పదోవంతు కూడా మిగతా గేట్లు ఎలా ఉన్నాయన్నదాని మీద నడవలేదు.

తుంగభద్రలో పోయింది ఆ వారం నీళ్లు ఒక్కటే కాదు. మిగతా గేట్లనూ నమ్మలేక 2025 వర్షాకాలంలో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. 105 టీఎంసీలు పట్టే డ్యామ్‌లో, వరద ఉండి కూడా. ఆ పాతిక టీఎంసీలు ఎవరి పొలానికి అందలేదో వాళ్లకే తెలుసు.

ఏటా మే నెలలో ప్రతి ప్రాజెక్టులోనూ ప్రతి గేటునూ ఎత్తి, దించి చూడండి. ఏది కదిలింది, ఏది మొరాయించింది, చెయిన్ ఏ ఏడాది మార్చారు అన్నది ఒక కాగితం మీద రాసి, చూసిన ఇంజినీరు సంతకంతో దిగువన ఉన్న ప్రతి ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. జూన్ మొదటి వాన పడేలోపు.