నా డిస్కులో నాకే పెత్తనం లేదట!

ఇప్పుడే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేశాను. మెషిన్ చురుగ్గా ఉంది, హాయిగా ఉండాల్సిన సమయం. ఎందుకు తెరిచానో, డిస్కు ఎన్ని ముక్కలైందో చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను, బీపీ పెరిగింది. సీ డ్రైవ్‌కి ముందు ఒక రికవరీ పార్టిషన్ (విండోస్ చెడిపోతే బాగుచేసే సరంజామా పెట్టుకునే డిస్కు ముక్క), వెనకాల ఇంకొకటి, దాని పక్కనే మరొకటి. మూడు! పనిచేసేది అందులో ఒక్కటే. మిగతా రెండూ ఎప్పుడో పోయిన పాత విండోస్‌ల తాలూకు శేషాలు. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి, అటక మీద సామాను మాత్రం వదిలేసి, ఆ అటక తాళం పట్టుకుపోయినట్టుంది.

తాళం అని ఊరికే అనలేదు. ఆ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి చూడండి. డిలీట్ ఉండదు, ఫార్మాట్ ఉండదు, డ్రైవ్ లెటర్ ఇచ్చే దారీ ఉండదు. హెల్ప్ అని ఒక్కటే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న డిస్కు, అడ్మినిస్ట్రేటర్ అకౌంటు, పాస్‌వర్డు అన్నీ నావే. ఆ మూలకి మాత్రం నాకు ప్రవేశం లేదు.

ఇక్కడ వెంటనే ఒక పెద్దమనిషి వస్తాడు. "అర జీబీ కోసం ఇంత గొడవా? పెద్ద డిస్కు కొనుక్కోవచ్చు కదా" అంటాడు. అయ్యా, బాధ అర జీబీ గురించి కాదు. సీ డ్రైవ్ మాటిమాటికీ నిండిపోతోంది, పక్కన డీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీ దీనికి కలుపుదామనుకున్నాను. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కబోతే అది బూడిద రంగులో పడి ఉంది. ఎందుకంటే ఖాళీ జాగా సీ డ్రైవ్‌కి కుడివైపున ఆనుకుని ఉంటేనే కలుపుతుంది. మధ్యలో ఎవరున్నారు? ఆ పనికిరాని రికవరీ పార్టిషనే. అర జీబీ వాడు అడ్డం పడుకుంటే అవతల ఉన్న వంద జీబీ కూడా నాది కాకుండా పోతుంది. ఇప్పుడు చెప్పండి, పెద్ద డిస్కు కొంటే వాడు లేచి పక్కకి జరుగుతాడా?

ఇవి ఎలా పుట్టుకొస్తాయో చూస్తే ఇంకా మండుతుంది. విండోస్ 10 మొదట్లో సెటప్ ఈ పార్టిషన్‌ని సీ డ్రైవ్‌కి ముందు పెట్టేది. తర్వాత అప్‌గ్రేడ్ వస్తుంది, రికవరీ సైజు పెరుగుతుంది, పాత జాగా చాలదు. ముందున్న దాన్ని పెంచడం కుదరదు, ఎందుకంటే సీ డ్రైవ్‌ని కుదిస్తే ఖాళీ వెనకవైపే వస్తుంది. అందుకని సీ డ్రైవ్ తోక కాస్త కత్తిరించి, అక్కడ కొత్తది పెట్టుకుంటుంది. పాతదాన్ని తీసేస్తుందా? అబ్బే. 2020లో వచ్చిన 2004 అనే వెర్షన్ నుంచి జ్ఞానోదయమై మొదటే వెనకాల పెట్టడం మొదలెట్టారు. మరి అప్పటిదాకా పోగైనవి ఎవరు తీస్తారు? మనమే తీయాలి.

మనం తీయాలంటే దారి డిస్క్‌పార్ట్ అనే కమాండ్ల ప్రోగ్రాం. నల్ల స్క్రీన్‌లో సెలెక్ట్ డిస్క్, సెలెక్ట్ పార్టిషన్, ఆఖర్న డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ అని కొట్టాలి. ఒక్క అంకె తప్పు కొడితే ఫోటోలతో సహా మొత్తం గాల్లో కలిసిపోతుంది. డిస్క్‌పార్ట్ "నిజంగానా?" అని ఒక్క మాట అడగదు. మామూలుగా ఒక పనికిమాలిన స్క్రీన్‌షాట్ తీసేసినా రీసైకిల్ బిన్‌లో దాచిపెట్టే సిస్టమ్ ఇది! పనిచేసే రికవరీ ఏదో తెలుసుకోవడానికి ఇంకో కమాండ్ ఉంది, రీఏజెంట్‌సీ. అది హార్డ్‌డిస్క్ 0, పార్టిషన్ 4 అని చెబుతుంది. డిస్కుల్ని సున్నా నుంచి లెక్కపెట్టి, పార్టిషన్లని ఒకటి నుంచి లెక్కపెడతారు. ఈ లెక్క పెట్టినవాళ్లు ఇంట్లో పిల్లల్ని ఎలా లెక్కపెట్టుకుంటారో మరి.

అన్నట్టు, విండోస్‌కి బదులు వాడే లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, జీపార్టెడ్ అనే పార్టిషన్ల ప్రోగ్రాం తెరిస్తే ఇదే పార్టిషన్‌ని మౌస్‌తో తీసేయొచ్చు. బయటివాడికి ఉన్న మర్యాద ఇంట్లోవాడికి లేదు.

ఇదేదో నా ఒక్కడి చాదస్తం అనుకునేవాళ్లకి 2024 జనవరి గుర్తుచేస్తాను. ఆ నెల 9న కేబీ5034441 అని ఒక సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్‌ని రికవరీ ద్వారా దాటేసే లోపం ఒకటి ఉంటే, దాన్ని సరిచేయడానికి. అది ఎక్కాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ ఉండాలి. ఆ పార్టిషన్‌ని ఆ సైజులో పెట్టింది ఎవరు? చాలామందికి మైక్రోసాఫ్ట్ సెటప్ ప్రోగ్రామే. జాగా చాలక అప్‌డేట్ ఫెయిలైతే, జాగా చాలలేదని కూడా చెప్పలేదు. 0ఎక్స్80070643 అని ఏ సంబంధమూ లేని ఎర్రర్ చూపించింది. ఎర్రర్‌లోనూ ఎర్రర్! ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ చెప్పిన పరిష్కారం ఏమిటయ్యా అంటే, కమాండ్లు కొట్టి మీ పార్టిషన్ మీరే పెంచుకోండి అని. ఆటోమేటిక్‌గా సరిచేసే అప్‌డేట్ వస్తుందేమో అని ఎదురుచూసినవాళ్లకి కొన్ని నెలల తర్వాత, రాదు, చేత్తోనే చేసుకోండి అన్నారు. ఈమెయిల్, బ్యాంకు పనులు తప్ప కంప్యూటర్‌తో ఇంకో అవసరం లేని పెద్దవాళ్లు డిస్క్‌పార్ట్ నేర్చుకోవాలన్నమాట. మైక్రోసాఫ్ట్ వాళ్లు మాత్రం ఇన్‌స్టాలర్‌లో "పాత రికవరీ పార్టిషన్లు కనబడ్డాయి, తీసెయ్యనా?" అని ఒక టిక్ బాక్స్ పెట్టలేరు. కొత్త విండోస్ వేయగానే వార్తలు, వాతావరణం, నేను అడగని యాప్‌లు మాత్రం చక్కగా వచ్చి కూర్చుంటాయి. వాటికి జాగా ఎప్పుడూ చాలుతుంది.

అసలు ఈ రోగం ల్యాప్‌టాప్ కంపెనీలు అంటించింది. ఒకప్పుడు మెషిన్ కొంటే డబ్బాలో విండోస్ మళ్లీ వేసుకునే సీడీ ఉండేది. తర్వాత సీడీ మానేసి, మా డిస్కులోనే పది, పదిహేను జీబీ మింగి అందులో దాచారు. కావాలంటే డీవీడీలు మీరే రాసుకోండి అన్నారు. ఆ తర్వాత డీవీడీ డ్రైవే పీకేశారు. పోనీ దాచినదాంట్లో ఏముంటుంది? ట్రయల్ యాంటీవైరస్, ఎవరూ ఆడని గేములు, కంపెనీ సొంత అప్‌డేటర్లు. మనం వదిలించుకోవాలనుకున్న చెత్తంతా భద్రంగా తిరిగి తెచ్చిపెట్టే సదుపాయం! పైగా శుభ్రంగా విండోస్ వేస్తే, ఆ రికవరీని తెరవడానికి బూట్ అయ్యేటప్పుడు నొక్కాల్సిన స్పెషల్ కీ చాలాసార్లు పనిచేయదు. కీ చచ్చిపోతుంది, జాగా మాత్రం వాడి ఆధీనంలోనే ఉంటుంది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ మండించింది వేరే ఉంది. నా పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు పోయింది. కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేసి, కొత్త డిస్కు వేయించుకున్నాను, విండోస్ కావాలి అన్నాను. "రికవరీ పార్టిషన్ ఉంటుంది కదా సార్, అందులోంచి చేసుకోండి" అన్నాడు ఆ అబ్బాయి. డిస్కే పోయిందయ్యా, పార్టిషన్ దాంతోపాటే పోయింది అన్నాను. కాసేపు హోల్డ్‌లో పెట్టి మ్యూజిక్ వినిపించాడు. తిరిగొచ్చి, "అయితే రికవరీ మీడియా ఆర్డర్ పెట్టుకోవాలి సార్, దానికి విడిగా చార్జ్ అవుతుంది" అన్నాడు. లైసెన్సు డబ్బు మెషిన్ ధరలోనే కట్టాను. మునిగే ఓడలోనే లైఫ్ జాకెట్లకి తాళం వేసి పెట్టినవాళ్లు, ఓడ మునిగాక అదే జాకెట్ నాకు మళ్లీ అమ్ముతున్నారు. ఆ అబ్బాయిని ఏమీ అనలేదు, వాడి ఉద్యోగం వాడిది. ఆ పార్టిషన్ అక్కడ పెట్టాలని మీటింగులో నిర్ణయించిన మహానుభావుడు ఎవరో, వాడి కంప్యూటర్‌లో సీ డ్రైవ్ నిండిపోవాలి, ఎక్స్‌టెండ్ బూడిద రంగులో ఉండాలి, సపోర్ట్ వాడు హోల్డ్‌లో పెట్టాలి.