టోపీ మీద గీసిన దూలం

ఆ పాత ఫొటోలో ఒక కాపలాదారు ఉన్నాడు. నెత్తిన గుండ్రటి 'కెపి' టోపీ. ఫ్రెంచి పోలీసులు పెట్టుకునేది. యూదులను నిర్బంధించిన శిబిరానికి అతను కాపలా. అలెన్ రెనే 'నైట్ అండ్ ఫాగ్' డాక్యుమెంటరీలో ఆ ఫొటో వాడితే 1956లో సెన్సార్ వాళ్లు అడ్డం తిరిగారు. చివరికి టోపీ కనపడకుండా దాని మీద ఒక దూలం గీసి కప్పేశారు. నాజీల ఘోరం చూపించవచ్చు, కాపలా కాసింది మనవాడేనని మాత్రం జనానికి తెలియకూడదు!

ఫ్రాన్స్‌ను సినిమాల్లో వెతికేవాళ్లు కథతో పాటు ఆ సినిమా జనం ముందుకు రాకుండా ఎన్నాళ్లు ఆగిందో కూడా చూడాలి. నా మటుకు నాకు ఆ ఆలస్యమే ఎక్కువ చెబుతుంది.

మార్సెల్ ఒఫుల్స్ తీసిన 'ది సారో అండ్ ది పిటీ' నాలుగు గంటల పైమాటే. ఓపిక కావాలి, నిజమే. జర్మన్ల ఆక్రమణలో రోజులెలా గడిచాయని క్లెర్మాంట్-ఫెరాండ్ ఊరి జనాన్నే అడుగుతాడు. ఒక దుకాణదారు ఆ రోజుల్లో తాను యూదుణ్ని కానని పేపర్లో ప్రకటన ఇచ్చుకున్నాడు. ఎందుకిచ్చారని అడిగితే కెమెరా ముందు సర్దిచెప్పుకుంటాడు. దేశమంతా జర్మన్లను ఎదిరించిన వీరులే అని చెప్పుకున్న కథను కూల్చడానికి ఆ ఒక్క మనిషి చాలు. టీవీ కోసం తీసిన సినిమా ఇది. 1971లో థియేటర్లకొచ్చింది, ఫ్రెంచి టీవీలో మాత్రం 1981 దాకా రాలేదు. 1942 జూలైలో పారిస్‌లో దాదాపు 13 వేల మంది యూదులను పట్టుకున్నది ఫ్రెంచి పోలీసులే. అందులో ఫ్రాన్స్ బాధ్యతను అధ్యక్షుడు షిరాక్ ఒప్పుకున్నది 1995లో.

ఫ్రాన్స్ పాలన నుంచి బయటపడటానికి అల్జీరియా చేసిన స్వాతంత్ర్య పోరు విషయంలోనూ అంతే. ఆ పోరు నేపథ్యంగా దర్శకుడు గొడార్ 1960లో తీసిన 'ది లిటిల్ సోల్జర్' 1963 దాకా విడుదల కాలేదు. 1962లో ముగిసిన ఆ పోరును ఫ్రాన్స్ చట్టబద్ధంగా 'యుద్ధం' అన్నదే 1999లో.

1995లో వచ్చిన 'లా హేన్' మాత్రం ఆగలేదు. పారిస్ శివారు కాలనీల్లో ముగ్గురు కుర్రాళ్లు, పోలీసులు, ఒక్క రోజు కథ. ప్రధాని అలెన్ జుపే దాన్ని మంత్రులకు ప్రత్యేకంగా వేయించారు. చూసి ఏం చేశారో గానీ, పదేళ్లకు అలాంటి శివార్లే అల్లర్లతో రగిలాయి.

సినిమా చూసి ప్రభుత్వం నిజంగా కదిలిన సందర్భం 2006లో 'డేస్ ఆఫ్ గ్లోరీ'. ఫ్రాన్స్ కోసం రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఉత్తరాఫ్రికా సైనికుల కథ ఇది. వలస దేశాలు స్వతంత్రమయ్యాక వాళ్ల పెన్షన్లు ఉన్నచోటే ఆగిపోయాయి, తోటి ఫ్రెంచి సైనికులవి పెరుగుతూ పోయాయి. షిరాక్ సినిమా చూశాక, అది విడుదలైన రోజుల్లోనే పెంపు ప్రకటించారు. అప్పటికి వాళ్లలో చాలామంది కన్నుమూశారు. పాత బకాయిలు మాత్రం ఇవ్వలేదు.