యూవీ దీపం గారికి అభినందన పత్రం

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒకానొక మందుల ఫ్యాక్టరీ ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) చివర వెలుగుతున్న యూవీ (అతినీలలోహిత) దీపం గారికి,

తనిఖీకి వచ్చినవాళ్లంతా ముందు మిమ్మల్నే చూసి తృప్తి పడుతున్నారు. నీలంగా వెలుగుతున్నారంటే పని జరుగుతున్నట్టే! నీటిలో మిగిలిన మందును విరగ్గొట్టే 254 నానోమీటర్ల కిరణం అసలు కంటికే కనబడదన్న సంగతి ఎవరూ వాళ్ల చెవిన వేయలేదు. 9,000 గంటలు, అంటే ఏడాది పైచిలుకు, గడిచేసరికి ఆ కిరణం సన్నగిల్లుతుంది. నీలం మాత్రం అలాగే ఉంటుంది. మీ పరువుకు ఢోకా లేదు.

మీకు కేటాయించిన మోతాదు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు. అది క్రిములను చంపే లెక్క. సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ విరగాలంటే వందల్లో కావాలి. అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ అయితే మీ కిరణాన్ని దాదాపు పీల్చుకోదు. దానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుండాలి. మీరు దాన్ని చీలిస్తే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ ఎదురైనదాన్నల్లా కొరుకుతాయి. ఎదురయ్యేది మందొక్కటే అయితే బాగుండేది. బైకార్బొనేటు, సీవోడీ పేరుతో కొలిచే మిగతా మలినాలు పిలవని చుట్టాల్లా మొదటి బంతిలోనే కూర్చుంటాయి.

పైగా నీళ్ల రంగు. సెంటీమీటరు దాటేసరికి 30 శాతం వెలుగే మిగిలితే, మూడో సెంటీమీటరు చివర 3 శాతం కూడా ఉండదు. అందుకే బయోలాజికల్ ట్యాంకు, వడపోత అయ్యాకే మీ వంతు రావాలి. ఇనుము, కాల్షియం మీ క్వార్ట్జ్ గొట్టానికి పొరకడితే సిట్రిక్ యాసిడ్‌తో కడగాలి. గొట్టాన్ని తుడిచే వైపర్ ఉంది కదా అంటారు. అది కదలడం మానేసి చాలాకాలమైంది.

సిప్రో విరిగినా దాని అణువులోని క్వినలోన్ అనే చట్రం మిగిలితే దాని ముక్కలకు కొంత మందు గుణం ఉండిపోవచ్చు. ల్యాబ్ రిపోర్టులో సిప్రో లేదు, సంతోషం. ఆ నీటిలో ఈ.కోలై బ్యాక్టీరియా పెరుగుతుందో లేదో ఎవరు చూశారు? ఇదే పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రో ఉందని 2007లో అధ్యయనం వెలువడింది. చికిత్సలో రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2020 ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు రాసిన కేంద్ర పర్యావరణ శాఖ 2021 తుది నోటిఫికేషన్‌లో వాటిని తీసేసింది. కాబట్టి మిమ్మల్ని అడిగే నాథుడూ లేడు.

తనిఖీ రోజున పెరాక్సైడ్ పంపు కట్టేస్తున్నందుకు నొచ్చుకోకండి. మిగిలిన పెరాక్సైడ్ సీవోడీ పరీక్షలో వాడే డైక్రోమేట్ రసాయనాన్ని తినేసి అంకెను పెంచుతుంది. కాటలేజ్ ఎంజైమ్ వేస్తే ఆ బెడద పోతుంది. ఇండెంట్ పెట్టాం. పర్చేజ్ వారు మూడు కొటేషన్లు అడిగారు.

ఇట్లు,
ఈటీపీ షిఫ్టు సిబ్బంది