గాజు తొట్టెలో నక్షత్ర తాబేలు

నిన్న మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోర్ ఆంటీ వాళ్లింటికి వెళ్లాను. టీవీలో కాకినాడ తీరానికి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లను చూపిస్తున్నారు. పడవలు సముద్రంలో లాక్కెళ్లే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయవి. ఆంటీ కళ్లొత్తుకుంది.

ఆమె పక్కనే గాజు తొట్టెలో, నీళ్లలో, ఒక నక్షత్ర తాబేలు! ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందని ఎవరో చెబితే కొన్నారట.

"ఆంటీ, ఇది నీళ్లలో ఉండేది కాదండీ. పొదల్లో తిరుగుతూ గడ్డి తినే మెట్ట జీవి, దీనికి ఈత రాదు" అన్నాను.

"తాబేలంటే నీళ్లే కదమ్మా!"

నాకు కడుపు రగిలిపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పెంచడం నేరం. ఆ మాటా చెప్పాను. అయితే చెరువులో వదిలేస్తాం, పుణ్యం అన్నారు అంకుల్. పుణ్యమా? మునిగి చస్తుంది! అటవీ శాఖకు అప్పగించండని ఎంత బతిమాలినా "చూద్దాంలే" అనే అన్నారు. కాకినాడ దూరం, ఒప్పుకుంటాను. ఈ తొట్టె వాళ్ల హాల్లోనే ఉంది కదా!

నేను వచ్చేసేటప్పుడు కూడా అది గాజును గీకుతూనే ఉంది.