స్కౌటు స్కార్ఫు గారికి ఒక మాజీ మెడ వ్రాయునది

మహారాజశ్రీ స్కౌటు స్కార్ఫు గారి దివ్య సముఖమునకు, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో తమరిని మోసిన మెడ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం నిన్ననే తెలిసింది. మా అమ్మ వంటింట్లో మిక్సీ మీద కప్పి ఉన్నారు.

క్షమించాలి. ఆ పసుపు మరకల గుడ్డ ఏదో పాత తువ్వాలు ముక్క అనుకుని ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. నిన్న సాయంత్రం మేనకోడలు వచ్చి, "మామయ్యా, మా బళ్లో స్కార్ఫు తెమ్మన్నారు, పాతదైనా పర్లేదట, రేపు ఎవరో పెద్దాయన వస్తున్నారట" అంది. నేను చదివిన బడే, స్కార్ఫు రంగు కూడా మారలేదు. అటకంతా తిరగేశాను. చివరికి అమ్మే, "మూడు మూలల గుడ్డేనా? దాన్నే కదరా మిక్సీకి వేస్తున్నా" అంటూ తెచ్చి ఇచ్చింది. దులిపి చూస్తే సాక్షాత్తూ తమరే. ఒక మూలన చిన్న ముడి కూడా అలాగే ఉంది.

ఆ ముడి సంగతికి తర్వాత వస్తాను. ముందు తమరి వంశ చరిత్ర ఒకసారి తిరగేయాలి. మిక్సీ మీద కూర్చోవాల్సిన వంశం కాదు తమరిది.

తమరి మూలపురుషుడు, స్కౌటు ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పొవెల్ దొర. 1876లో లక్నోలో అశ్వికదళంలో కొలువుకు దిగి మన ఎండా మన దుమ్మూ రుచి చూసినవాడే. తర్వాత దక్షిణాఫ్రికాలో మఫెకింగ్ అనే ఊళ్లో 217 రోజుల ముట్టడిని తట్టుకుని ఇంగ్లండులో ఇంటింటి వీరుడైపోయాడు. ఆ ముట్టడిలో కుర్రాళ్లు సైకిళ్ల మీద జాబులు మోయడం ఆయన చూశాడు. 1907 ఆగస్టులో ఓ ఇరవై మంది మగపిల్లల్ని ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపానికి తీసుకెళ్లి గుడారాలు వేయించాడు. వాళ్లలో గొప్పింటి పిల్లలూ ఉన్నారు, కష్టం చేసుకునేవాళ్ల పిల్లలూ ఉన్నారు. అందరూ ఒకే మంట చుట్టూ కూర్చున్నారు. వినడానికి ఎంత బాగుంది!

అలా ద్వీపంలో కలిసి కూర్చున్న ఉద్యమం ఓడెక్కి మన రేవులో దిగేసరికి దానికి కళ్లజోడు మారింది. 1909లో కెప్టెన్ టి.హెచ్. బేకర్ బెంగళూరులో మొదటి స్కౌటు ట్రూపు, అంటే దళం, పెట్టాడు. 1911లో జబల్‌పూర్‌లో ఆడపిల్లలకి మొదటి గైడు కంపెనీ వచ్చింది. రెండూ యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. చెట్టు మాది, కట్టె మాది, నిప్పు రాజేసే నౌకరూ మావాడే. ఆ మంట చుట్టూ కూర్చోవడానికి మాత్రం మా పిల్లలు పనికిరాలేదు.

దొరతనం వారిని పూర్తిగా తప్పుపట్టలేం లెండి. తమరి సిలబస్ అలాంటిది. జాడ పట్టడం, సంకేతాలు పంపడం, మ్యాపు గీయడం, రాత్రిపూట అడవిలో చప్పుడు కాకుండా నడవడం. అప్పటికే బెంగాల్లో బాంబుల మోత వింటున్న ప్రభుత్వం, ఇవన్నీ భారతీయ కుర్రాడికి నేర్పితే వాడు ఎవరి జాడ పడతాడో ఊహించుకుని జడుసుకుంది. తమరి నియమాల్లో మొదటిది, "స్కౌటు నమ్మదగినవాడు." నమ్మకం లేకే మమ్మల్ని చేర్చుకోలేదు. ఇంతకన్నా ముచ్చటైన వ్యంగ్యం నేను రాయలేను.

మావాళ్లు ఊరుకుంటారా? చేర్చుకోని పెళ్లికి వెళ్లి గుమ్మంలో నిలబడే రకం కాదు, పక్క వీధిలో వేరే పందిరి వేసే రకం. తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన వివియన్ బోస్ 1913లో మధ్య పరగణాల్లో భారతీయ పిల్లలకు స్కౌటింగ్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి మద్రాసులో అనీబిసెంటమ్మ, ఆమె సహచరుడు అరండేల్ కలిసి భారతీయ బాయ్ స్కౌట్స్ సంఘం పెట్టారు. వాళ్లు మొట్టమొదట మార్చింది తల మీది సరుకు. దొరల టోపీ తీసి తలపాగా చుట్టారు. ఆపాటికే నూట యాభై ఏళ్లుగా టోపీ పెట్టించుకుంటున్న జనం కాబట్టి ఆ మార్పు ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడి ఉండదు. 1918లో అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్యా, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవా సమితి స్కౌట్లను తయారుచేశారు. కవాతు కన్నా మేళాల్లో జనం మధ్య తిరిగే సేవ మీదే వాళ్ల గురి.

ఒక్క గుడ్డకి ఇన్ని మెడలు ఎగబడ్డాయన్నమాట. తమరికి అప్పుడు ఎంత గర్వంగా ఉండి ఉంటుందో!

అప్పుడు దొరగారికి మనసు మారింది. 1921లో సతీసమేతంగా దిగి అందరినీ ఒక్కటి చేస్తానన్నాడు. బిసెంటమ్మ సంఘం ఒప్పుకుని దొరల పెద్ద సంఘంలో కలిసిపోయింది. సేవా సమితి మాత్రం కలవలేదు. మా స్కౌటు మాస్టారు నేర్పిన ముళ్లల్లో షీట్ బెండ్ అని ఒకటుంది. లావు తాడునూ సన్న తాడునూ కలపాలంటే అదే వేయాలి. అందులో లావు తాడు కాస్త వంగి కూర్చుంటుంది, అంతే. సన్న తాడే దాని చుట్టూ తిరిగి, తన కింద తనే దూరి, నలిగి నిలబడాలి. 1921 కలయిక గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ముడే గుర్తొస్తుంది. చరిత్రకారులు ఒప్పుకుంటారో లేదో గానీ, తాళ్లు ఒప్పుకుంటాయి.

1937లో ఢిల్లీలో అఖిల భారత జంబోరీ, అంటే స్కౌట్ల పెద్ద మేళా, జరిగింది. ఎనభయ్యో పడిలో అడుగుపెడుతున్న దొరగారు వచ్చారు, చూశారు, ఆశీర్వదించారు. ఆ తర్వాత భారతీయుల శీలం మీద నాలుగు మాటలు అన్నారు. అవి బయటికొచ్చి మనవాళ్ల గుండెల్లో గుచ్చుకున్నాయి. "స్కౌటు మర్యాద గలవాడు" అని రాసిన చేత్తోనే! చాలామంది స్కార్ఫులు విప్పి అవతల పెట్టారు. 1938లో హిందుస్తాన్ స్కౌట్ సంఘం పుట్టింది. షీట్ బెండ్‌కి ఉన్న లోపం కూడా మాస్టారు చెప్పారు. గుంజినంతసేపే పట్టు, వదులైతే జారిపోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా దేశంలో స్కౌట్లు ఒక్కటిగా లేరు. విద్యామంత్రి మౌలానా ఆజాద్, మధ్య పరగణాల గవర్నరు మంగళదాస్ పక్వాసా లాంటివాళ్లు పూనుకుని కూర్చోబెడితే, 1950 నవంబరు 7న దొరల నాటి బాయ్ స్కౌట్సూ హిందుస్తాన్ స్కౌట్సూ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఇది అసలైన రీఫ్ నాట్. సమానమైన తాళ్లు రెండు, కుడి ఎడమ మీదికి, ఎడమ కుడి మీదికి. ఆడపిల్లల గైడు సంఘం మాత్రం 1951 ఆగస్టు 15న వచ్చి కలిసింది. తొమ్మిది నెలలు ఆలోచించుకుని వచ్చారంటే తెలివైనవాళ్లే అనాలి. దొరలు రానివ్వని పిల్లల కోసం వేరుకుంపటి పెట్టిన కుంజ్రూగారే మొదటి జాతీయ కమిషనర్ అయ్యారు. స్కౌటు ప్రమాణంలోంచి రాజుగారు దిగిపోయి దేశం వచ్చి కూర్చుంది. దేవుడు అనే మాట ఇష్టం లేనివాళ్లు ధర్మం అనుకోవచ్చన్నారు. ఇప్పుడు తొమ్మిది నియమాలున్నాయి, వాటిలో ప్రజల ఆస్తిని కాపాడమనే మాట అచ్చంగా మనం చేర్చుకున్నది. మన బస్సుల సీట్లు చూసినవాళ్లెవరో రాసి ఉంటారు. 1953లో మొదటి జాతీయ జంబోరీ హైదరాబాదులోనే జరిగింది. అది తమరికి పండగ కాలం.

ఇక నా కాలానికి వస్తాను. ఇక్కణ్ణుంచి కథ పండగలా ఉండదు.

తమరిని నా మెడలో వేసిన రోజు మాస్టారు చెప్పారు, "ఇది అలంకారం కాదురా. చెయ్యి విరిగితే కట్టు, తల పగిలితే కట్టు, నీళ్లలో పడ్డవాడికి తాడు." మళ్లీ ఇంకోమాట అన్నారు. "పొద్దున్నే దీని కొసన ఒక ముడి వేసుకో. రోజుకో మంచి పని చెయ్యాలి. చేశాకే ముడి విప్పు." నాకు ఆ లెక్క భలే నచ్చింది. ఎడ్ల బండి తోశాను, ముసలమ్మకి కూరగాయల సంచీ మోశాను, ఒకరోజు ఏ పనీ దొరక్క తమ్ముడికి బలవంతంగా లెక్కలు చెప్పి ఏడిపించి ముడి విప్పాను.

తొమ్మిదో తరగతిలో ఒక నవంబరు రోజు. బళ్లో కొత్త గది ప్రారంభోత్సవం. పెద్దాయన తొమ్మిదికి వస్తారన్నారు. గేటు నుంచి వేదిక దాకా రెండు వరసలు, వరసకి పదహారు స్కార్ఫులు. తమరి ఉద్యమంలో ఎన్ని విద్యలున్నా మా బడికి కావాల్సినవి రెండే అప్పుడు: కదలకుండా నిలబడడం, తాళం తప్పకుండా చప్పట్లు కొట్టడం. మద్రాసు నుంచి అలహాబాదు దాకా అంత మంది కొట్లాడి సంపాదించిన మెడగుడ్డ, మా ఊళ్లో పూలకుండీకి పోటీ అయింది. కుండీని ఎవరైనా మోయాలి, మేమైతే నడిచి వస్తాం.

పది అయింది, పదకొండు అయింది. నా పక్కన ఏడో తరగతి పిల్లాడు ఊగడం మొదలుపెట్టాడు. పెదాలు తెల్లబడ్డాయి. ఏం చెయ్యాలో నాకు కంఠతా వచ్చు: నీడలో పడుకోబెట్టు, కాళ్లు ఎత్తి పెట్టు, మెడ దగ్గర వదులు చెయ్యి. ప్రథమ చికిత్సలో పదికి పది తెచ్చుకున్నవాణ్ణి. నేను వంగబోతే వెనకనుంచి ఒక పెద్ద గొంతు, "లైను కదలొద్దు! కారు మలుపు తిరిగింది!" స్కౌటు క్రమశిక్షణ గలవాడు. నేను కదల్లేదు. పిల్లాడు పడ్డాడు. బడి గంట కొట్టే అటెండరు పరుగెత్తుకొచ్చి వాణ్ణి భుజాన వేసుకుని వేపచెట్టు కిందికి తీసుకెళ్లాడు. ఆయన మెడలో తమరు లేరు. చెమట తుడుచుకునే తువ్వాలుంది, దాన్నే తడిపి వాడి మొహాన వేశాడు.

ఆ కారు పెద్దాయనది కాదు, టెంటు సామానుది.

పెద్దాయన పన్నెండున్నరకి దిగారు. వరస చూసి ముచ్చటపడి నా ముందు ఆగి కుడిచెయ్యి చాచారు. స్కౌట్లు ఎడమచేత్తో కరచాలనం చేస్తారని మాకు నేర్పారు. ఎడమచేత డాలు పట్టే వీరుడు, డాలు దించి చెయ్యి ఇస్తే నిన్ను నమ్మినట్టని ఆఫ్రికా కథ ఒకటి కూడా చెప్పారు. నేను నిష్ఠగా ఎడమచెయ్యి ఇచ్చాను. పెద్దమనిషికి, అదీ శుభకార్యంలో, ఎడమచెయ్యి! ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ తర్వాత నాకు స్వాగత వరసల్లోంచి శాశ్వత విముక్తి దొరికింది. ఆ రోజు వేసిన ముడి విప్పడానికి మాత్రం మొహం చెల్లలేదు. తమరి మూల ఉన్నది అదే.

ఇప్పుడు తమరికి వేరే గిరాకీ ఉంది. తెలుసో లేదో, మిక్సీ మీద పేపరు రాదు కదా. రైల్వేలో స్కౌట్స్ కోటా ఉద్యోగాలు పడతాయి. రాష్ట్రపతి అవార్డు ఉంటే దరఖాస్తుకి అర్హత. అందుకని పిల్లల ఇళ్లల్లో ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అని ఆ అవార్డుకి ఎక్కే మెట్లని వాచకం చదివినట్టు చదువుతున్నారు. మా బావగారు మొన్న అడిగారు, "గిన్నెల్లేకుండా వంట చేసిన ఫొటో ఒకటి కావాలటోయ్, మన గ్యాస్ పొయ్యి మీద తీస్తే తెలుస్తుందా?" నేను ఉద్యోగాన్ని తప్పుపట్టను. ఒక మెడగుడ్డ ఒక ఇంటికి జీతం తెస్తే అంతకన్నా సేవేముంది. ఒకప్పుడు ఈ దేశపు పిల్లల్ని నమ్మదగనివాళ్లన్నారనే కోపంతో మాలవ్యా అంతటివారు సంఘాలు పెట్టారు. మనమేమో ఆ నమ్మకాన్ని గ్యాస్ పొయ్యి మీద ఫొటో తీయిస్తున్నాం. దొరగారి 1937 నాటి మాటలకి రుజువులు మనమే కూర్చి ఇస్తున్నామేమోనని అప్పుడప్పుడూ ఒళ్లు మండుతుంది, అంతే.

సరే, అసలు విషయం. రేపు తమరు మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారు. రాత్రి మూడుసార్లు ఉతికాను, పసుపు పూర్తిగా పోలేదు. అమ్మాయికి రీఫ్ నాట్ నేర్పాను. మొదటిసారి కుడి మీద కుడే వేసి జారుముడి చేసింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. తర్వాత మూల పట్టుకుని, "ఈ ముడేంటి మామయ్యా, విప్పనా?" అంది. విప్పబోతే గోరు కూడా దిగలేదు, ఇన్నేళ్లలో పీటముడి అయిపోయింది. "అది బాకీలే, అలా ఉండనీ" అన్నాను. "ఎవరికి?" అంది. టెంటు సామాను కారు కథ చెప్పాను.

రేపు ఎండ గట్టిగా ఉంటుందట. అది బ్యాగు సర్దుకుంటుంటే చూశాను, నీళ్ల సీసాలు రెండు పెట్టుకుంది. రెండెందుకే అంటే, "పక్కన ఎవరుంటారో తెలీదు కదా" అంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి మాజీ మెడ

తా.క.: పెద్దాయన ఎప్పుడొచ్చినా సరే, తమరు సాయంత్రం ఆరు లోపల ఇంటికి చేరవలెను. రేపు దోసెల పిండి రుబ్బాలట, మిక్సీ మీద కప్పడానికి ఏమీ లేదని అమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.