ఇన్‌స్టేట్ రెసిడెన్సీ గారికి ఒక అవుటాఫ్ స్టేట్ తల్లి రాయునది

మహారాజశ్రీ ఇన్‌స్టేట్ రెసిడెన్సీ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే ముందు మీరు పంపిన మెయిల్ అందింది. ఆ వేళకే ఎందుకు పంపుతారో మాకూ తెలుసు లెండి, సోమవారం దాకా ఎవరూ ఫోన్ ఎత్తక్కర్లేదు. మా వాణ్ణి అమెరికాలో మీ రాష్ట్ర యూనివర్సిటీలో సొంత రాష్ట్రం పిల్లాడిగా, అంటే ఇన్‌స్టేట్‌గా లెక్కేసి తక్కువ ఫీజు తీసుకోమని పెట్టుకున్న మా అప్పీలు కూడా కొట్టేశారు. క్లాసులు మొదలయ్యే రోజుకి మేం మీ రాష్ట్రానికొచ్చి పన్నెండు నెలలు నిండలేదట. ఎంత తక్కువైందో చెప్పుకుంటే నవ్విపోతారు, ఫ్రిజ్‌లో పాల డబ్బా మీద డేటు అంతకంటే దూరంగా ఉంటుంది. ఆ తేడాకి ఫీజు మూడు రెట్లు.

పోయినేడు మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్ళకి తర్వాతేమిటో చెప్పక్కర్లేదు కదా, 60 రోజులు, ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యకపోతే పెట్టె సర్దుకోవడమే. ఎక్కడ దొరికితే అక్కడికి పరుగెత్తాం, దొరికింది మీ దగ్గర. ఆయన ముందొచ్చి హోటల్లో దిగి పనిలో చేరారు, నేను పాత ఇల్లు ఖాళీ చేసి పిల్లాణ్ణి తీసుకుని ఆగస్టు చివర్లో వచ్చాను. మీ లెక్క హోటల్ నుంచి మొదలవదట, లీజు మీద సంతకం పెట్టిన రోజు నుంచేనట. బానే ఉంది. మరి ఆ హోటల్లో ఉండగా వచ్చిన మొదటి పే స్లిప్పులోనే మీ రాష్ట్రం పన్ను కోసేసుకుందే? కోసేటప్పుడు ఈయనకి ఇల్లుందా, లీజుందా, ఇక్కడే ఉండిపోతాడా అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. పోనీ పాత రాష్ట్రంలోనే చదివిద్దామంటే, మీరు వెళ్ళిపోయారుగా, ఇప్పుడు మీరు మా వాళ్ళు కాదు పొమ్మన్నారు. కిండర్‌గార్టెన్ నుంచి పదకొండో క్లాసు దాకా అక్కడే చదివిన పిల్లాడండీ. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాం.

మీరడిగిన కాగితాలన్నీ ఇచ్చాను. లీజు, కరెంటు బిల్లులు, కారు రిజిస్ట్రేషను, ట్యాక్స్ రిటర్ను, హైస్కూలు మార్కులు. ఓటరు కార్డు కూడా అడిగారు చూడండి, అక్కడ మీకు దణ్ణం పెట్టాలి. సిటిజన్ కానివాళ్ళు ఓటరుగా నమోదు చేసుకుంటే నేరం, ఏకంగా దేశంలోంచే పంపించేస్తారు. మీ చెక్‌లిస్టులో మాత్రం అది మంచి సాక్ష్యాల వరసలో పైనే ఉంది. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాను, మీ రాష్ట్రం ఇచ్చిందే. మా వీసా గడువు ఎంతో దానికీ అంతే గడువు, పైగా ఫొటో పక్కన పెద్దక్షరాల్లో ‘లిమిటెడ్ టర్మ్’ అని కొట్టి ఉంటుంది. కౌంటర్లో అమ్మాయి, పాపం మంచిదే, దాన్ని లైటు కింద వంచి చూసి, ఆ రెండు మాటల మీద గోటితో టక్ టక్‌మని కొట్టి, ‘ఇందులో తాత్కాలికం అని ఉందండీ’ అంది. ఆ ముద్ర కొట్టింది మీరే కదా తల్లీ!

ఇదంతా ఎలాగో మింగేస్తాను. మింగుడుపడనిది మీ ఫారం నాలుగో పేజీలో ఉన్న ఉద్దేశం గడి.

ఈ రాష్ట్రంలో ఎప్పటికీ ఉండిపోయే ఉద్దేశం మీకుందని గట్టి ఆధారాలతో నిరూపించాలట. చదువు కోసం రాలేదని కూడా నిరూపించాలట. ఉద్దేశానికి జిరాక్సు తీస్తారా ఎవరైనా? అయినా తీశాను. గ్రీన్‌కార్డు లైన్లో మా చోటు చూపించే ఐ-140 అప్రూవల్ కాగితం జత చేశాను. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వం అని గీత గీసి, ఇండియా వాళ్ళందరినీ ఆ సందులోంచే దూరమన్నారు, 2025లో కూడా మాలాంటి పెద్ద చదువుల ఉద్యోగుల లైను, ఈబీ2 అంటారు, 2013లో దరఖాస్తు పెట్టినవాళ్ళ దగ్గరే కుంటింది. ఉండిపోయే ఉద్దేశం లేనివాడు అంత లైన్లో ఎందుకు నిలబడతాడండీ? మీరేం రాశారు, అది రేపెప్పుడో జరిగేది, ఇవాళ్టి నివాసానికి రుజువు కాదు అని. నవ్వాలో ఏడవాలో తెలీక మా ఆయనకి ఫార్వర్డ్ చేశాను. ఆయన దండం బొమ్మ ఒకటి పంపారు.

ఇంకా ఉంది. మా వాడికి 21 నిండగానే హెచ్4, అదే హెచ్1బీ వాళ్ళ పిల్లలకిచ్చే వీసా, ఊడుతుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాదు, వస్తుందని అనుకునే వయసు మాకు దాటిపోయింది. కాబట్టి వాడు ఎఫ్1 స్టూడెంట్ వీసాలోకి మారాలి. ఎఫ్1 వాడికి చట్టం ఏం చెబుతుందో తెలుసా? పరదేశంలో తనకి ఇల్లుందని, ఆ ఇల్లు వదులుకునే ఉద్దేశం ససేమిరా లేదని చూపించాలి. అంటే ఇవాళ మీ గడిలో ‘మేం ఇక్కడే ఉండిపోతాం’ అని సంతకం పెట్టే కుర్రాడు, డిగ్రీ సగంలో ఉండగా ఇంకో కాగితం మీద ‘చదువవగానే వెళ్ళిపోతాను’ అని సంతకం పెట్టాలి. ఎక్కడికి వెళ్తాడు? మూడేళ్ళ వయసులో నెల్లూరు నుంచి ఎత్తుకొచ్చాను వాణ్ణి. వీడియో కాల్లో ‘నానమ్మా, తిన్నావా’ అన్నాక రెండో వాక్యం రాదు, పక్క గదిలోంచి నేను అందిస్తాను. ఆర్టీసీ బస్సు బోర్డు చదవలేడు. వాడికి అక్కడ వదులుకోలేని ఇల్లుందట! పైగా ఎఫ్1 అయ్యాక చాలా రాష్ట్రాలు ఇన్‌స్టేట్ మాటే ఎత్తనివ్వవు. అంటే ఇవాళ మీ మీద గెలిచినా, ఆ గెలుపు వాడు 21వ పుట్టినరోజు కేకు కోసేదాకానే.

ఏమయ్యా పెద్దమనిషీ, ఒకటి తేల్చి చెప్పు. ఉండాలా, పోవాలా? ఉంటామంటే తాత్కాలికం అంటావు, పోతామంటే బయటివాళ్ళంటావు, రెండిటికీ బిల్లు మాత్రం మాకే పంపిస్తావు. హెచ్4 పిల్లలకి ఫెడరల్ సాయం ఉండదు. పోనీ క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు సర్ది నాలుగు డాలర్లు సంపాదించుకుంటాడా అంటే, ఆ వీసా మీద అదీ కుదరదు. అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

నిద్ర పట్టక మీ వంశచరిత్ర కూడా చదివాను. ఏడాది నియమం సబబే అని 1971లో మిన్నెసోటా కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దాంతో కొమ్ములొచ్చి కనెటికట్ రాష్ట్రం, అప్లికేషన్ నాటికి బయటివాళ్ళయితే చదువున్నన్నాళ్ళూ బయటివాళ్ళే అంది. అక్కడి అబ్బాయిని పెళ్ళి చేసుకుని అక్కడే కాపురం పెట్టిన క్లైన్ అనే విద్యార్థిని కోర్టుకెక్కింది, 1973లో గెలిచింది. ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలి. 1982లో మేరీలాండ్ యూనివర్సిటీ వంతు. అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులకిచ్చే జీ4 వీసా మీదున్న తండ్రుల పిల్లలకి ఇన్‌స్టేట్ ఇవ్వం అంది, మోరెనో కేసులో ఓడిపోయింది. ఇది అప్పీల్లో రాశాను. మా అభ్యంతరం మీ వీసా మీద కాదు, మీ తేదీ మీద అని జవాబిచ్చారు. లాయర్లకి బాగానే ఇస్తున్నట్టున్నారు.

బయటివాళ్ళంటే మీకు చిరాకని మొదట్లో అనుకునేదాన్ని. అబ్బే, మహా ప్రేమ. 2008 మాంద్యంలో రాష్ట్రాలు నిధులు కోసేసిన దగ్గర్నుంచీ చాలా యూనివర్సిటీలకి బయటి పిల్లలే బంగారు బాతులు. అలబామా యూనివర్సిటీలో బయటి రాష్ట్రాలవాళ్ళే ఎక్కువ. కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో 2025-26లో కొత్తగా చేరిన బయటి విద్యార్థి మామూలు ఫీజు కాక ఇంకో 37,602 డాలర్లు కట్టాలి, మన రూపాయల్లో ముప్పై లక్షల పైమాటే, ఒక్క ఏడాదికి. ఆ లెక్కన మేం మీకు కావాల్సినవాళ్ళమే, తక్కువ ఫీజుకి మాత్రం అక్కర్లేదు.

వరంగల్లో మా చెల్లెలికి ఫోన్ చేసి ఏడిస్తే, ‘అక్కా, నువ్వు అమెరికాలో ఉన్నావా మన ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నావా’ అంది. దానికీ ఇదే బాధ. కూతుర్ని ర్యాంకు కోసం ఇంటర్‌కి విజయవాడ కాలేజీలో వేసింది. 2024లో జీవో 33 వచ్చి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు తెలంగాణలో చదివితేనే మెడికల్ సీటుకి లోకల్ అంది, వరంగల్లో పుట్టి పెరిగిన పిల్ల నాన్‌లోకల్ అయి కూచుంది. 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ జీవో సరైనదే అంది. అయితే ఒక్క తేడా ఒప్పుకోవాలి. అక్కడ స్టడీ సర్టిఫికెట్లు చూసి అవుననో కాదనో ముఖాన చెబుతారు. జీవితాంతం వరంగల్లోనే ఉండే ఉద్దేశం ఉందా అని ఆ పిల్లని ఎవరూ అడగలేదు.

డిపాజిట్ కట్టేశాం, ఫాల్ సెమిస్టర్ బిల్లు కూడా కడతాం, కట్టక చేసేదేముంది. స్ప్రింగ్‌కి మళ్ళీ పిటిషన్ పెట్టుకోవచ్చని సెలవిచ్చారు, అప్పటికి పన్నెండు నెలలు నిండుతాయి కాబట్టి. ఫాల్‌కి కట్టింది వెనక్కి రాదని కూడా అందులోనే చిన్నక్షరాల్లో సెలవిచ్చారు. ఫైలు అలాగే ఉంది, తేదీలు మార్చి పంపిస్తాను.

ఇట్లు,
మీ రాష్ట్రానికి పన్ను కడుతున్న,
లిమిటెడ్ టర్మ్ తల్లి

తా.క.: నిన్న మీ పేరెంట్స్ ఫండ్ నుంచి చందా అడుగుతూ మెయిల్ వచ్చింది. ‘మన రాష్ట్ర కుటుంబాలకు’ అని మొదలుపెట్టారు. అన్‌సబ్‌స్క్రైబ్ చెయ్యలేదు. ప్రింటు తీసి ఫైల్లో ఓటరు కార్డు ఉండాల్సిన చోట పెట్టాను.