డబ్బు పెట్టి కొనుక్కున్న మోత

కారుకు బయట దొరికే సైలెన్సర్ బిగించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఎనభై స్పీడులో లోపల ఒకటే హోరు, తలనొప్పి వస్తోంది, ఎలా తగ్గించాలి?" ప్రశ్న న్యాయమైనదే. దానికి వాళ్ళు ఎంచుకునే వైద్యం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. తలుపుల లోపల, డిక్కీ అడుగున రేకు అదురును ఆపే డ్యాంపింగ్ షీట్లు అతికించుకుంటారు. పైపులోంచి వచ్చే మోత రోడ్డు మీదికి వస్తూనే ఉంటుంది. అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని కూర్చున్న ఒక్క మనిషికి మాత్రం కాస్త ఉపశమనం. ఊరందరి చెవులకూ చిల్లులు పడుతుంటే సొంత చెవిలో దూది పెట్టుకోవడం అన్నమాట.

నేను ఉండేది హైదరాబాద్ అత్తాపూర్‌లో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వేకు ఎదురుగా. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల వంతెన అది. మా బాల్కనీకీ, ఆ వంతెన మీద తిరిగే చక్రాలకూ ఎత్తులో పెద్ద తేడా లేదు. పగలు అన్ని చప్పుళ్ళూ కలిసిపోతాయి కాబట్టి ఎవరినని తిడతాం? రాత్రి పదకొండు దాటి శంషాబాద్ వైపు దారి ఖాళీ కాగానే అసలు వాయిద్యాలు బయటికి వస్తాయి. కారు కనిపించకముందే కిటికీ అద్దాలు కంపిస్తాయి, అది వెళ్ళిపోయాక కూడా మోత చాలాసేపు వినిపిస్తూనే ఉంటుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెళ్ళు మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అంటున్నాయి. ఆ అంకె మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా చెబితే నా మొహం వంక జాలిగా చూస్తారు.

ఇంతకీ డబ్బు పోసి కొంటున్నది ఏమిటి? కంపెనీ పైపు ఇంజన్‌కు ఊపిరాడనివ్వదని, వెడల్పు పైపు వేస్తే కారు పరుగెడుతుందని షాపులో చెబుతారు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంపు) లేని చిన్న పెట్రోల్ ఇంజన్‌లో వెనక పైపు ఒక్కటే మార్చి సాధించే శక్తి లెక్కలోకి వచ్చేది కాదు. పైపు మరీ వెడల్పయితే తక్కువ స్పీడులో లాగుడు తగ్గినా ఆశ్చర్యం లేదు. టర్బో కారుకైతే కొంత లాభం ఉండవచ్చు, అదీ ఇంజన్ ట్యూనింగ్ దానికి తగ్గట్టు మార్చినప్పుడు. మిగతాదంతా చెవి చేసే మాయ. అరుపు పెరిగింది కాబట్టి వేగం పెరిగిందనుకుంటాం.

మా అక్క కొడుకు కారు కథ కూడా ఇదే. షాపువాడు మధ్యలో ఉన్న రెసొనేటర్ (హోరును తగ్గించే డబ్బా) కోసేసి తిన్నటి పైపు వెల్డింగ్ చేశాడు. వెనక కంపెనీ డబ్బా స్థానంలో మెరిసే స్టీలు డబ్బా పెట్టాడు. మొదట్లో మావాడికి పండగే పండగ. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే వేగంలో గంటసేపు నడిపేసరికి బుర్ర తిరిగిపోయి షీట్లు వేయించాడు. "మామయ్యా, షీట్లకు బోలెడు తగలేశాను, హోరు మాత్రం అలాగే ఉంది" అని నా దగ్గరికి వచ్చాడు. ఉండక ఏమవుతుంది? షీట్లు రేకు అదురును ఆపుతాయి. అడుగు నుంచి పాకే లోతైన హోరును ఆ మందం ఏం ఆపుతుంది?

నాకు తెలిసిన మెకానిక్ ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. పరికరాలు తక్కువ, చెవి ఎక్కువ. కారును పైకి ఎత్తించి, ఇంజన్ ఆన్ చేయించి, మడత పెట్టిన తడిగుడ్డను పైపు మూతికి ఒక్క క్షణం అదిమిపట్టాడు. మధ్యలో పైపులు కలిసే ఫ్లాంజ్ దగ్గర బుస్సుమని పొగ తన్నింది. అక్కడ అప్పటికే మసి చార ఉంది. "మొదటి దొంగ వీడు" అన్నాడు. సందు మూసే గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోలేదు, బోల్టు ఒకటి వదులు. చప్పుడు తగ్గించాలనుకునే ప్రతివాళ్ళూ ముందు చేయవలసిన పని ఇది. పైసా ఖర్చు లేకుండా సగం గోల తేలిపోవచ్చు. పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు కూడా చూడాలి. పైపు ఎక్కడైనా బాడీకి తగులుతుంటే కారంతా దానితో కలిసి పాడుతుంది.

తర్వాత ఆ మెరిసే డబ్బాను గ్రైండర్‌తో నిలువునా కోయించాడు. లోపల ఒళ్ళంతా చిల్లులున్న గొట్టం, దాని చుట్టూ గ్లాస్ ఊల్ (గాజు పీచు) ఉండాలి. ఉన్నది ఒక మూలన గుప్పెడు నల్లటి పీచు. మిగతాదంతా వేడికి మాడి, పొగతో పాటు చిల్లుల గుండా ఎగిరిపోయింది. "కొన్న కొత్తలో ఇంత అరిచేది కాదు మామయ్యా" అని మావాడు అంటున్నది ఇందుకే. ఈ రకం సైలెన్సర్లలో ఊల్ అరిగిపోయే సరుకని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

కొత్త ఊల్ కూరితే సరిపోతుందా అంటే, సరిపోదు. ఊల్ మింగేది కీచు శబ్దాలనే. హోరు లెక్క వేరు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 80 పేలుళ్ళు, అంటే 80 హెర్ట్జ్. మామూలు గాలిలో ఆ అల పొడవు నాలుగు మీటర్ల పైమాట. వేడి పొగలో ఇంకా ఎక్కువ. అంత పొడవాటి అలను అంగుళం మందం ఊల్ ఏం చేయగలదు? అందుకే కంపెనీవాళ్ళు గదులు గదులుగా విడదీసిన పెద్ద డబ్బా వాడతారు. అలలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకే వేగం దగ్గర హోరు వస్తుంటే ఇంకో ఉపాయం ఉంది. మెయిన్ పైపుకు పక్కగా, చివర మూసేసిన గొట్టాన్ని కొమ్మలా అతికిస్తారు. దాని పొడవు అల పొడవులో నాలుగో వంతు ఉండాలి. లోపలికి వెళ్ళిన అల తిరిగి వచ్చేసరికి సరిగ్గా తలకిందులై, ఎదురొచ్చే అలను కొట్టేస్తుంది. 80 హెర్ట్జ్‌కు, పొగ వేడిని బట్టి, సుమారు ఒకటిన్నర మీటరు గొట్టం కావాలి. చిన్న కారు కింద అంత చోటు దొరకడమే కష్టం.

మావాడు మాత్రం పైపు మూతిలో బిగించే డీబీ కిల్లర్ చాలన్నాడు. చవక కదా! అది దారిని ఇరుకు చేసి కాస్త పదును తగ్గిస్తుందే తప్ప హోరు జోలికి పోదు. పైగా గట్టిగా తొక్కితే ఈల వేస్తుంది. చివరికి ఉస్తాద్ మధ్యలో రెసొనేటర్ తిరిగి పెట్టి, వెనక గదులున్న పెద్ద డబ్బా బిగించాడు. మోత తగ్గింది, బయట కూడా.

"చప్పుడు తగ్గితే చాలు, అప్పుడు చట్టబద్ధమే కదా" అనేవాళ్ళకు ఒక్క మాట. కార్లకు 2005 ఏప్రిల్ నుంచి తయారీ దశలోనే 74 డెసిబెళ్ళ హద్దు ఉంది. ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి, కారు పక్కనుంచి దూసుకెళుతుండగా కొలుస్తారు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద, శబ్ద ప్రమాణాలు దాటిన బండిని నడిపితే మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్ట విరుద్ధంగా బండిని మార్పించిన యజమానికి 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి అన్నిటికంటే తేలికైన మందు కంపెనీ సైలెన్సర్‌ను మళ్ళీ బిగించుకోవడమే. ఉస్తాద్ కూడా అదే అన్నాడు, మావాడు వినలేదు. వినాలన్నా పాతది ఇంట్లో ఉంటే కదా, షాపులోనే వదిలేసి వచ్చాడు.

"బుల్లెట్ బళ్ళ సంగతి ఏమిటి, బారాత్ డీజేల సంగతి ఏమిటి" అని అడగబోయేవాళ్ళకు: వాళ్ళనూ తిడతాను, వేరే పోస్టులో. నీలోఫర్ ఆస్పత్రి ముందు నుంచి పసిపిల్లల వార్డులు అదిరేలా వెళ్ళే కారుకు బుల్లెట్ ఏ విధంగా సాకు అవుతుందో నాకు అర్థం కాదు. ఆస్పత్రి చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని ఆ 2000 నాటి నిబంధనల్లోనే ఉంది.

ఇప్పటికే మార్పించుకుని హోరుతో అవస్థ పడుతున్నవాళ్ళు రిపేరుకు వెళితే డబ్బు ఇచ్చే ముందు తాళం చెవులు ఉస్తాద్‌కు ఇచ్చి, మీరు రోడ్డు పక్కన నిలబడి కారు శబ్దం వినండి. ఒకసారి మామూలుగా నడపమనండి, ఇంకోసారి గట్టిగా తొక్కమనండి. పాత సైలెన్సర్ తీయించే పని ఉంటే అది డిక్కీలో వేసుకునే ఇంటికి రండి. "మేమే ఉంచుకుంటాం, లేబర్ తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. దానితో పాటు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఊడదీశారేమో చూసుకోండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, మీకు తగ్గించే లేబర్ కంటే దాని ధరే ఎక్కువ.